పన్నెండు కుర్చీలు

మే 6

ఈ రోజు పళ్ళు ఏరి పెట్టెల్లో సర్దే మా షెడ్డులో పీచ్ పని తొందరగా వదిలారు కాబట్టి సరిపోయింది, లేకపోతే తాఫోయా గారి మీటింగు అందేది కాదు.

మా కాలేజీ శ్వాస చికిత్స కోర్సులోకి వచ్చే ఆగస్టులో ఇరవై నాలుగు మందిని కాదు, పన్నెండు మందినే తీసుకుంటారట. స్పానిష్ మాట్లాడే మాలాంటి వాళ్ళు ఎక్కువగా చదివే కాలేజీలకు వాషింగ్టన్ నుంచి వచ్చే గ్రాంటు ఈసారి రాలేదు. రెండో టీచరు జీతం దాని మీదే నడిచేది. ట్యూటర్లుండే గది, సాయంత్రం బస్సు, తల్లులు క్లాసులో ఉన్నప్పుడు పిల్లల్ని చూసుకునే గది, అన్నీ దాని మీదే. తాఫోయా గారు మా కౌన్సెలర్. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే ఉన్నారు. అంతా మెల్లగా చెప్పి, చివర్లో కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

వెనకనుంచి ఎవరో అబ్బాయి అడిగాడు. "ముందు చదవాల్సినవన్నీ చదివి పాసయ్యాం కదండీ. మరి మా సంగతేంటి?"

"లాటరీ తీస్తారు బాబూ."

నయేలీ నా పక్కనే కూర్చుంది. నా మోచెయ్యి పొడిచి, "మనిద్దరికీ వస్తుందిలే అమ్మా" అంది. కూతురి పక్కన కూర్చుని చదువుకునే తల్లిని ఈ కాలేజీలో నేనొక్కదాన్నే కాదు గానీ, కూతురి నోట్సు చూసి రాసుకునే తల్లిని మాత్రం నేనొక్కదాన్నేనేమో. శరీర నిర్మాణం క్లాసు నేను రెండోసారికి పాసయ్యాను. అది మొదటిసారికే.

వస్తుంది. ఇద్దరికీ వస్తుంది.

మే 20

నాకు వచ్చింది. నయేలీకి రాలేదు. వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు దానిది.

"మంచిదమ్మా" అని నన్ను వాటేసుకుంది. తర్వాత బీన్స్ గిన్నె తోముతూ చాలాసేపు సింకు దగ్గరే ఉండిపోయింది. ఆ గిన్నె అంత మాడలేదు.

నేను టోర్టియాలు కాలుస్తుంటే నావైపు చూడకుండా అడిగింది. "కోర్సు అయ్యేసరికి నీకు నలభై అయిదు వస్తాయి కదమ్మా?"

"వస్తాయి."

"ఊరికే అడిగాలే."

ఊరికే అడిగింది. పిల్ల మనసులో ఏమీ లేదు.

మే 23

తాఫోయా గారి గదికి వెళ్ళాను. నా సీటు వదులుకుంటే ఎవరికి వెళ్తుందని అడిగాను. ఎవరికి వెళ్తుందో నాకు తెలుసు. అయినా ఆయన నోటితో వినాలనిపించింది.

"మీ అమ్మాయికే వెళ్తుంది, యులాలియా గారూ."

"అయితే వదిలేస్తాను."

ఆయన వెంటనే కాగితం తీయలేదు. "ఆమె అడిగిందా?" అన్నారు.

"లేదండీ. అది అడిగే పిల్ల కాదు."

"నెలాఖరుదాకా టైముంది. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి."

ఆలోచించడానికి ఏముంది? అది పిల్ల. ఇరవై ఏళ్ళు. బుర్ర చురుకు. అయినా ఆయన మాట కాదనడం ఎందుకని వచ్చేశాను.

మే 25

షెడ్డులో అందరికీ తెలిసిపోయింది. నేను చెప్పింది ఒక్క చాయోకే. నయేలీని జ్ఞానస్నానానికి ఎత్తుకున్నది చాయోనే. ఆ హక్కుతో దాని సంగతులన్నిట్లో వేలు పెడుతుంది, నేనూ పెట్టనిస్తాను. షెడ్డులో పళ్ళు కదిలే బెల్టుకి అటు నేను, ఇటు చాయో, పదిహేనేళ్ళుగా.

"ఇందులో ఆలోచించడానికేముందే యులాలియా? ఇచ్చెయ్. నీకిప్పుడు చదువెందుకు, మొగుణ్ణి వెతుక్కోవడానికా?"

బెల్టు పొడుగునా నవ్వులు. నేనూ నవ్వాను.

మధ్యాహ్నం తిండి దగ్గర మెల్లగా అడిగాను. "ఒకవేళ ఇవ్వలేదనుకో. ఒక్క ఏడాదే కదా. వచ్చే ఏడాది మళ్ళీ లాటరీ ఉంటుంది."

చాయో నావైపు చూసి తన గిన్నె మూత పెట్టేసింది. "నేనూ ఒక్క ఏడాదికనే మానేశాను. జుట్టు కత్తిరించే కోర్సు. కడుపుతో ఉన్నానని. ఆ బిడ్డకిప్పుడు గడ్డం వచ్చింది." బల్ల చుట్టూ ఉన్నవాళ్ళ వైపు చెయ్యి తిప్పింది. "వీళ్ళనడుగు. ఒక్కొక్కళ్ళూ ఒక్క ఏడాదికనే వచ్చారు ఇక్కడికి."

ఎవరినీ అడగలేదు. అడగక్కర్లేదు.

మే 29

ఇచ్చేస్తాను. నిర్ణయించుకున్నాను. మనసు తేలికైంది.

మే 30

ఇవ్వలేదు.

తాఫోయా గారి గది తలుపు దాకా వెళ్ళాను. లోపల వేరే పిల్ల ఎవరో ఏడుస్తోంది. బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆ పిల్ల వెళ్ళిపోయింది. ఆయన తలుపు తీసి, "రండి" అన్నారు.

"ఏం లేదండీ. పలకరిద్దామని వచ్చాను" అన్నాను.

ఆయన తల ఊపారు. 

జూన్ 1

నయేలీతో చెప్పాను. కారు పార్కింగులో ఉండగానే చెప్పాను. ఇంట్లోకి వెళ్తే చెప్పలేనని తెలుసు.

చిన్నదానివి, నీకు మళ్ళీ వస్తుంది, నాకు రాదు అన్నాను. నా నడుము ఇంకెన్నేళ్ళు బెల్టు దగ్గర నిలబడనిస్తుందో తెలియదన్నాను. ముందు నేను ఉద్యోగంలో చేరితే నిన్ను నిశ్చింతగా చదివించుకుంటానన్నాను. ఇంకా చాలా చెప్పాను. చెప్తున్నకొద్దీ నా గొంతు నాకే టీవీలో ప్రకటనలా వినిపించింది.

అది అంతా విని, "నిన్ను నేనేమైనా అడిగానా?" అంది.

"లేదు."

"మరి ఎందుకింత చెప్తున్నావ్?"

దిగి లోపలికి వెళ్ళింది. తలుపు గట్టిగా వేయలేదు. వేసినా బాగుండేది.

జూన్ 3

మాట్లాడుతోంది. ఉప్పు అందుకో, కారు తాళం ఎక్కడుంది, అంతవరకు. బాగానే ఉంది.

జూన్ 17

నయేలీ షెడ్డులో చేరింది. ఆగస్టులో నేను క్లాసుకి వెళ్తే శని ఆదివారాలే పని చేయగలను. ఇల్లు నడవాలి కదా. ఎవరూ చెప్పకుండానే తనే వెళ్ళి సూపర్‌వైజర్‌తో మాట్లాడుకుంది. నాకు చాయో చెప్పింది.

"నీ చోటే ఇచ్చారు దానికి. నా ఎదురుగా." ఒక్క క్షణం ఆగి, "దాని చేతులు నీకన్నా వేగం" అంది. పొగిడిందో తిట్టిందో తెలియలేదు.

ఇది ఎండాకాలం డబ్బులకే. ఆగస్టు తర్వాత మానేసి కాలేజీలో వేరే ఏదైనా క్లాసు తీసుకుంటుంది. తనే అంది, లేదా నేనంటే ఊకొట్టింది.

ఆగస్టు 19

మొదటి రోజు. కొత్త తెల్ల బూట్లు. పన్నెండు మందిమి, పన్నెండు కుర్చీలు. మిగతా కుర్చీలు గోడవారగా ఒకదానిమీద ఒకటి పెట్టేశారు.

మా టీచరు మై వాంగ్ గారు. పొట్టిగా, చురుగ్గా ఉంటుంది. ఆవిడ అమ్మానాన్నలు లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చి ఇక్కడే స్ట్రాబెర్రీలు పండించారట. "నేనూ ఈ కాలేజీలోనే చదివాను. అప్పుడు మాకు ఇద్దరు టీచర్లు, నలుగురు ట్యూటర్లు. మీకు నేనొక్కదాన్ని. కాబట్టి అర్థం కాకపోతే మొహమాటపడకండి. నన్ను పట్టుకోండి. పరిగెత్తుతుంటే వెంటబడి పట్టుకోండి" అంది.

నవ్వాం. ఆవిడ నిజంగానే పరిగెత్తుతుందని సాయంత్రానికే తెలిసింది. ఇక్కడ క్లాసవగానే ల్యాబు, ల్యాబవగానే ఆసుపత్రి.

ఇంటికొచ్చేసరికి నయేలీ సోఫాలో నిద్రపోతోంది. జుట్టు నిండా పీచ్ నూగు. అరచేతులు ఎర్రగా కంది ఉన్నాయి. నా చేతులు కందడం మానేసి ఎన్నేళ్ళయిందో.

సెప్టెంబరు 24

మొదటి పరీక్ష తప్పాను. నాతోపాటు ఇంకో అయిదుగురు తప్పారు.

ట్యూటర్ల గదికి వెళ్ళి చూశాను, తాళం వేసి ఉంటుందని తెలిసీ. అద్దంలోంచి చూస్తే తెల్లబోర్డు మీద పాత లెక్క ఒకటి సగంలో ఆగి ఉంది. పోయిన వసంతంలో ఈ గదిలోనే ఒక కుర్రాడు నాకు గుండె గదులు నాలుగూ ఆరెంజి కోసి చూపించాడు. మొదటిసారి తప్పిన పరీక్ష రెండోసారి అందువల్లే గట్టెక్కాను. అంటే నేను మొద్దునని కాదు. ఎవరైనా ఒక్కసారి నెమ్మదిగా చెప్తే చాలు నాకు.

వాంగ్ గారు, "ఇంకోటి తప్పితే కోర్సులోంచి తీసేస్తారు, యులాలియా. అది నా చేతుల్లో లేదు" అంది. ఆవిడ భోజనం చేయలేదని చేతిలోని అరటిపండు చూస్తే తెలిసింది.

నయేలీకి చెప్పలేదు.

సెప్టెంబరు 30

మార్సెలీనో మానేశాడు. మాలో బాగా చదివే పిల్లాడు. అతనుండే ఊరికి సాయంత్రం బస్సు లేదు, రోజూ ఎవరినో ఒకరిని బతిమాలుకుని వచ్చేవాడు. ఇప్పుడు టైర్ల షాపులో ఉన్నాడట.

అక్టోబరు 8

డెల్ఫీనా కూడా. పిల్లల గది తెరిచి ఉంటే మానేసేది కాదు. చంటిదాన్ని రెండు రోజులు క్లాసుకి తెచ్చుకుంది. మూడో రోజు రాలేదు.

పది కుర్చీలు.

అక్టోబరు 12

ఇది రాయాలి.

వంటింటి బల్ల దగ్గర పుస్తకం ముందు వేసుకుని కూర్చున్నాను. రక్తంలో వాయువుల పాఠం. నాలుగోసారి చదువుతున్నాను. అక్షరాలు కనిపిస్తున్నాయి, అర్థం దాటిపోతోంది. నయేలీ పనినుంచి వచ్చింది. బాదం కోతల దుమ్ము ఊరంతా కమ్మేసి ఉంది. ఇన్‌హేలర్ పీల్చి, ఫ్రిజ్ తెరిచి నిలబడింది.

"ఎన్ని పరీక్షలు తప్పావ్?"

ఎవరు చెప్పారని అడగలేదు. "ఒకటి."

"రెండోది ఎప్పుడు?"

"శుక్రవారం."

మిగిలిన కాల్డో సూపు గిన్నెలో పోసుకుని వచ్చి నా ఎదురుగా కూర్చుంది. పుస్తకం తనవైపు తిప్పుకుంది. తింటూనే రెండు పేజీలు చదివింది. తర్వాత చెంచా నావైపు చూపించింది.

"రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగింది, పీహెచ్ తగ్గింది. రోగికి ఏమవుతోంది?"

"ఆమ్లం పెరిగింది."

"అది పుస్తకంలో ఉన్నదే. మనిషికి ఏమవుతోంది?"

తెలియలేదు.

"గాలి వదల్లేకపోతున్నాడమ్మా. లోపలే ఉండిపోతోంది. నాకు ఉబ్బసం బాగా ముదిరినప్పుడు ఎలా ఉంటుందో చూశావ్ కదా? లోపలికి పోక కాదు, బయటికి రాక. ఆ వదల్లేని గాలే ఇక్కడ అంకెగా మారింది. అంతే."

అంతే. రెండు వారాలుగా కొరుకుడుపడనిది రెండు ముక్కల్లో వచ్చేసింది. నాకు ఏడుపొచ్చింది. అది చూడనట్టు పేజీ తిప్పింది.

"అలా చూడకు. నీమీద కోపం పోలేదు నాకు. నువ్వు గానీ తప్పావంటే ఆ సీటు నీకూ లేదు, నాకూ లేదు. అది మాత్రం ఊరుకోను."

అక్టోబరు 18

పాసయ్యాను.

డిసెంబరు 11

ఈ టర్ము అయిపోయింది. రోజూ సాయంత్రం అది అడగడం, నేను చెప్పడం. తప్పు చెప్తే నాలుక చప్పరిస్తుంది, వాళ్ళ అమ్మమ్మలాగే. ఒక్కోరోజు నాకన్నా ముందు పాఠాలకు వెళ్ళిపోతుంది. "ఇది మీకింకా చెప్పలేదా?" అని ఆశ్చర్యపోతుంది.

జనవరిలో వేరే క్లాసులకి పేరు ఇస్తావా అని అడిగాను. "ఆరెంజిల సీజను కదా" అంది. నిజమే, సీజనే.

జనవరి 21

ఏడుగురమే మిగిలాం. సెలవుల తర్వాత ముగ్గురు తిరిగి రాలేదు.

క్లాసయ్యాక వాంగ్ గారి వెనకాలే కారు దాకా పరిగెత్తాను. పొగమంచులో ఆవిడ కారే కనబడడం లేదు.

"అయిదు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి కదండీ. మా అమ్మాయి మొదటి టర్ము పాఠాలన్నీ చదివేసింది. మీరే పరీక్ష పెట్టి చూడండి. ఒక్క కుర్చీ."

ఆవిడ సంచి కారు మీద పెట్టింది. "నాకు ఇవ్వాలనే ఉంది. మధ్యలో ఎవరినీ చేర్చుకోకూడదు. రూలు. ఎవరైనా మానేస్తే ఆ కుర్చీ చివరిదాకా ఖాళీయే."

"ఖాళీగా ఉంచితే ఎవరికి లాభమండీ?"

"ఎవరికీ లేదు." తలుపు తీసి, ఎక్కకుండా నిలబడింది. "పైగా, ఏడాది చివర ఈ లెక్క చూసి, మీ కోర్సులో సగం మంది నిలవడం లేదు, మీకింకా డబ్బెందుకు అంటారు. అది కూడా నేనే జవాబు చెప్పాలి."

ఇంట్లో నయేలీకి ఈ మాటలు చెప్పాను. అయిదు కుర్చీలు అన్నప్పుడు ఆరెంజి తొక్క తీస్తున్న దాని చేతులు ఆగాయి. తర్వాత మళ్ళీ తీసింది.

ఫిబ్రవరి 12

కాలేజీ బోర్డు మీటింగు. ఎవరైనా వచ్చి మూడు నిమిషాలు మాట్లాడవచ్చని తాఫోయా గారు చెప్పారు. నేను పేరిచ్చాను. కొత్త జాకెట్టు వేసుకున్నాను. నా పేరు పిలిచినా కుర్చీలోనే ఉండిపోయాను. 

వెనకనుంచి, "నేను మాట్లాడతాను. వాళ్ళ అమ్మాయిని" అని వినబడింది.

నయేలీ షిఫ్టు నుంచి నేరుగా వచ్చినట్టుంది. ఏప్రన్ ఇంకా విప్పలేదు. వస్తుందని నాకు తెలియదు. వెనక చాయో కూడా ఉంది. తీసుకొచ్చింది తనే అయివుండాలి.

మైకు కిందికి వంచుకుని మామూలుగా మాట్లాడింది.

"పోయిన ఏడాది లాటరీలో మా అమ్మకి సీటు వచ్చింది, నాకు రాలేదు. మేమిద్దరం నెలల తరబడి సరిగ్గా మాట్లాడుకోలేదు. అమ్మ నా సీటు తీసుకుందని నేననుకున్నాను. నా సీటు తీసుకున్నానని అమ్మ కూడా అనుకుంది. ఆ గదిలో ఇరవై నాలుగు కుర్చీలున్నాయి. నిన్న అమ్మని తీసుకురావడానికి వెళ్ళినప్పుడు చూశాను. ఏడింట్లో మనుషులున్నారు. మిగతావి గోడవారగా ఉన్నాయి. కుర్చీలు గోడవారగా పెట్టింది మేం కాదు, దానికి మా ఇంట్లో మేం గొడవ పడడమెందుకు? అది చెప్దామనే వచ్చాను."

ఇంకా టైముంది. అయినా కూర్చుంది.

బోర్డు అధ్యక్షురాలు కృతజ్ఞతలు చెప్పింది. తర్వాత పార్కింగ్ స్థలానికి కొత్త దీపాల గురించి చర్చించారు.

బయట చాయో నా చెయ్యి పట్టుకుని, "నేనే ఇచ్చెయ్యమన్నాను కదే నీతో" అంది. కారు దాకా ఆ చెయ్యి వదల్లేదు. 

ఏప్రిల్ 3

ఆసుపత్రి వాళ్ళు తమ థెరపిస్టుల్లో ఒకరిని వారానికి రెండు రోజులు మా కాలేజీకి పంపుతారట. వాళ్ళకీ మనుషులు దొరకడం లేదు. వచ్చే బ్యాచిలో పద్దెనిమిది మంది. ఇరవై నాలుగు కాదు. పద్దెనిమిది.

గ్రాంటు రాలేదు. ట్యూటర్ల గదిలో ఇప్పుడు ప్రింటర్లు పెట్టారు.

ఏప్రిల్ 30

తాఫోయా గారికి ఇవాళ ఆఖరి రోజు. ఆయన ఉద్యోగం కూడా తీసేశారు. ఇకమీద కౌన్సెలర్‌ని కంప్యూటర్‌లో చూడాలట. నేను మొక్కజొన్న పిండితో తమాలెలు వండి తీసుకెళ్ళాను. "ఆ రోజు పలకరించడానికి వచ్చారు చూడండి, నాకు చాలా సంతోషమనిపించింది" అన్నారు. నవ్వారు. 

మే 19

ఈ ఏడాది లాటరీలో నయేలీ పేరు పదిహేనోది. సీటు వచ్చింది.

పన్నెండే ఉంటే ఈ ఏడాదీ లేనట్టే. బల్ల దగ్గర ఇద్దరం ఆ పేరునే చూస్తూ కూర్చున్నాం.

"ఏమంటావ్?" అన్నాను.

"చూద్దాం" అంది.

చూద్దామేమిటి?

మే 22

చాయో చెప్పింది. వారం క్రితమే నయేలీని లైనుకి లీడ్‌గా, అంటే అందరి పనీ చూసుకునేలా, ఉండమని సూపర్‌వైజర్ అడిగాడట. ఏడాది పొడుగునా పని, జీతం ఎక్కువ, బెల్టు దగ్గర నిలబడక్కర్లేదు. "పదిహేనేళ్ళలో నన్నెవరూ అడగలేదు" అంది చాయో. కోపంగా అనలేదు.

నేను నయేలీని ఏమీ అడగలేదు. పోయిన ఏడాది నేను ఆలోచించుకుంటున్నప్పుడు అదీ నన్నేమీ అడగలేదు.

మే 28

ఇంకా చెప్పలేదు. బాగానే ఉంది. దాని ఇష్టం.

మే 29

బాగా లేదు. అన్నం సహించడం లేదు.

మే 30

పొద్దున్నే కాఫీ కలుపుతుంటే వచ్చి స్టూలు మీద కూర్చుంది. జుట్టు దువ్వుకోలేదు.

"అమ్మా, ఒకటడుగుతాను. నిజం చెప్పు. పోయిన ఏడాది సీటు ఎందుకు ఇవ్వలేదు?"

"చెప్పాను కదే. నా వయసు—"

"అవి కాదు. కార్లో చెప్పినవి కాదు."

కాఫీ రెండు కప్పుల్లో పోశాను. దాని ఉబ్బసం కథ చెప్దామనుకున్నాను. ఇంటర్వ్యూలో అదే చెప్పాను, అందరికీ అదే చెప్తాను. చిన్నప్పుడు దాన్ని ఆసుపత్రికి ఎత్తుకుని పరిగెత్తడం, మాస్కు పెట్టినాయన, అదంతా. అబద్ధం కాదు. కానీ అది దాని కథ.

"నాకు కావాలనిపించింది" అన్నాను. "అంతే. నీకోసం కాదు, ఇంటికోసం కాదు. బడికెళ్ళే వయసులో ద్రాక్ష తోటల్లో ఉన్నాను. అప్పట్నుంచీ నాకంటూ ఏదీ అడగలేదు. ఇది కావాలనిపించింది. నువ్వు ఏడుస్తున్నా సరే కావాలనిపించింది. తలుపు దాకా వెళ్ళి కూడా ఇవ్వలేకపోయాను."

ఇది నేను ఈ డైరీలో కూడా రాయలేదు.

అది కప్పు రెండు చేతులతో పట్టుకుంది.

"ఇదే ముందే చెప్పుంటే నాకు అంత కోపం వచ్చేది కాదు" అంది. తర్వాత, "లీడ్ పని బాగుంటుందమ్మా. నిజంగానే బాగుంటుంది. సీజన్లతో పనిలేదు. నాకు వచ్చు కూడా."

"వచ్చు."

"వద్దనవా?"

"అనను."

వద్దు అన్న మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంత కష్టమైన పని షెడ్డులో కూడా ఎప్పుడూ చేయలేదు.

కాఫీ తాగి, కప్పు కడిగి, బూట్లు వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగింది.

"కాలేజీ ఆఫీసు ఎన్నింటికి తెరుస్తారు?"

"ఎనిమిదికి."

"షెడ్డుకి కాస్త లేటవుతుందని చాయో పిన్నికి ఫోన్ చేసి చెప్పు."

ఆగస్టు 18

ఇద్దరం ఒకే కార్లో వెళ్ళాం. నేను రెండో ఏడాది, అది మొదటి ఏడాది.  టైర్ల షాపు ముందు ఎర్ర లైటు పడితే మార్సెలీనో కనిపిస్తాడేమోనని చూశాను. షట్టరు ఇంకా తీయలేదు.

కాలేజీ మెట్ల దగ్గర నయేలీ పక్కకి తప్పుకుని, తల కాస్త వంచి, చెయ్యి చాపి దారి చూపించింది.

"సీనియర్ గారూ, ముందు మీరు నడవండి."